మిగిలిన ఒక్క మాట

అత్తగారికి తాను ఎవరో తెలుసా? ఆరేళ్ళుగా కోడలిని వదలని అనుమానం అది. ఆ పూట కూడా ముసలామెను పక్కకు తిప్పి వీపుకు పౌడరు అద్దుతూ అదే అనుకుంది.

"బాబు," అంది అత్తగారు.

కొడుకును చిన్నప్పటి నుంచి పిలిచే పిలుపు. పక్షవాతం మిగతా మాటలన్నీ తుడిచేసి ఆ ఒక్కటే మిగిల్చింది. దాహమైతే బాబు, పక్క తడిస్తే బాబు, దోమ కుట్టినా బాబే. ఏది దేనికో గొంతును బట్టి కోడలికి తెలుస్తుంది. ఇది దాహం బాబు. చెంచాతో నీళ్ళు పోసింది.

అంతకుముందు కాలు విరిగి ముసలామె ఆసుపత్రిలో ఉన్నప్పుడు, ఇరవై రోజులు నేలమీద పడుకుని చేసిన కోడలు ఒకసారి అడిగింది. "అత్తయ్యా, నేను చేసేది మీకు బాగానే ఉందా?"

"ఇంటికెళ్ళాక చెప్తాలేవే," అని నవ్వింది ఆవిడ.

ఇంటికొచ్చిన మర్నాడే నోరు పడిపోయింది. ఆ జవాబు అలాగే బాకీ ఉండిపోయింది. మంచంలో ఉన్న మనిషికి చేస్తే దేవుడికి చేసినట్టేనని కోడలి నమ్మకం. అయినా దేవుడైతే ఎప్పుడో ఒకనాడు కలలోనన్నా పలకరిస్తాడు కదా అనిపించేది.

వార్డు ఆఫీసు పుస్తకంలో కోడలి పేరుకు ఎదురుగా 'ఏ పనీ లేదు' అని ఉంది. ఆ వీధిలో అలాంటివాళ్ళు నలభై మంది. కుట్టుమిషను వదిన అందర్నీ కూడగట్టి, మూడేళ్ళు ఆఫీసు మెట్లు ఎక్కి దిగి, చివరికి ఆ పుస్తకంలో 'ఇంట్లో సేవ' అని కొత్త గడి గీయించింది. మగవాళ్ళు తమ పేరే రాయించుకుంటారని, చేసేదెవరో మంచంలో ఉన్న మనిషినే అడగాలని షరతు పెట్టించింది కూడా ఆవిడే.

పేర్లు రాసుకోవడానికి ఆఫీసు గుమాస్తా వదినను వెంటబెట్టుకుని రానే వచ్చాడు. కోడలి మొగుడు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని తల్లి తలగడ పక్కన నిలబడ్డాడు. ఆ తలగడ గలీబులు ఏ అరలో ఉంటాయో కూడా తెలియని మనిషి.

"మిమ్మల్ని ఎవరు చూసుకుంటున్నారమ్మా?" అడిగాడు గుమాస్తా.

అత్తగారు కొడుకు వైపు చూసింది. "బాబు."

వదిన అడ్డుపడింది. "ఆవిడకి వచ్చిందే ఆ ఒక్క మాటండీ. గ్లాసు చూపించండి, అదీ బాబే అంటుంది."

గుమాస్తా గ్లాసు ఎత్తి చూపాడు. అత్తగారు పలకలేదు. ఫ్యాను చూపాడు. పెదవి కదపలేదు.

"అన్నిటికీ అనట్లేదుగా. షరతు మీరు పెట్టిందేనమ్మా," అంటూ కొడుకు పేరు రాసుకున్నాడు.

"ఒకే ఇల్లు, ఎవరి పేరైతే ఏంటి?" అని కాలరు సర్దుకుని, మొగుడు ఆయన్ని సాగనంపడానికి వెళ్ళాడు. మనం తవ్విన గోతిలో మనమే పడ్డాం అని గొణుక్కుంటూ వదిన పక్కింటికి నడిచింది.

మనుషుల్నే పోల్చుకోలేని ఆవిడకు ఏ ప్రశ్న అయితే ఏం, ఏ జవాబైతే ఏం అని కోడలు మనసుకు నచ్చజెప్పుకుంది. తలుపు దగ్గరగా వేసి, తడిసిన దుప్పటి లాగి, ముసలామెను తనవైపు తిప్పుకుంది.

అత్తగారు తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"నువ్వు చేసేది బాగానే ఉందే, అమ్మాయ్."