మద్రాసు వెళ్ళిన రక్తం

సాయంత్రం అయిదింటికి ఫోను చెయ్యమన్నారు డాక్టరుగారు. మధ్యాహ్నం భోజనాల వేళ నుంచే పావని చూపు గడియారం మీద ఉంది.

కలిపిన ముద్ద కంచంలోనే ఉండిపోయింది. అత్తగారు మాణిక్యాంబ అది చూసి లేచింది. గ్లాసులో మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

“భయపడకమ్మా. స్వామి ఉన్నాడు,” అంది.

ఏడాది కిందట పావనికి విషజ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది. నీరసం మాత్రం చుట్టపుచూపుగా వచ్చి తిష్ఠ వేసింది. తల దువ్వుకుంటే చేతులు లాగేసేవి. తలంటుకున్న రోజు ఇంక మంచం దిగేది కాదు. రాత్రంతా పడుకున్నా, తెల్లారేసరికి ఎవరో ఒళ్ళంతా కుమ్మి వదిలేసినట్టుండేది. ఒకరోజు ఓపిక తెచ్చుకుని ఇల్లు కడిగితే, దానికి శిక్షగా వారం రోజులు మంచం.

ఒక డాక్టరు టానిక్కు రాశాడు. ఇంకొకాయన ఎక్స్‌రే తీయించాడు. గుండె చూశారు, ఉమ్మి చూశారు. ఏమీ లేదన్నారు. ఇంక ఊరు ఊరుకుంటుందా? వదినకి ఒళ్ళు వంగదంది ఆడపడుచు. మాణిక్యాంబ కూడా తక్కువేం తినలేదు. కోతల రోజుల్లో కూలీలకి అన్నం వండలేని కోడలెందుకని పెరట్లో నిలబడి నలుగురికీ వినబడేలాగే అంది.

చివరికి రాజమండ్రి తీసుకెళ్ళాడు భర్త గణేష్‌బాబు. అక్కడి పెద్ద డాక్టరు మెడ తడిమి, గ్రంథి ఏదో తగులుతోందన్నాడు. రక్తం మద్రాసు పంపాలన్నాడు. దాని పేరు చెన్నై అయిందని రేడియోలో ఎంత చెప్పినా గోదావరి జిల్లాల్లో అది ఇంకా మద్రాసే.

“దేనికండీ అనుమానం?” అని గణేష్‌బాబు అడిగాడు.

“రానివ్వండి, చూద్దాం,” అన్నాడాయన.

డాక్టరు పేరు చెప్పని జబ్బుకి ఊళ్ళో ఒక్కటే పేరు, క్యాన్సరు. ఆ పేరు ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. రక్తం తీస్తున్న కుర్రాణ్ణి మాత్రం పావని అడిగింది.

“అన్నీ చూస్తారా అండీ? ఏదీ వదిలెయ్యరు కదా?”

“అన్నీ చూస్తారండి. కంగారు పడకండి.”

అప్పట్నుంచీ ఇల్లు మారిపోయింది. కూలీల వంట మాణిక్యాంబే వండింది. కాఫీ మంచం దగ్గరికి తెచ్చి ఇచ్చింది. గణేష్‌బాబు చేలోంచి రాగానే ముందు పావని నుదురు తాకి చూసేవాడు. ఆడపడుచు వచ్చి, కాళ్ళు పట్టుకున్నంత పని చేసి వెళ్ళింది.

ఇంత చూసుకుంటున్నా పావని రోజురోజుకీ బెదిరిపోయింది. ఎదురింటి నాగదుర్గకి గుండె జబ్బు. వాళ్ళాయన ఆమెని వసారాలో కుర్చీలో కూర్చోబెట్టి, నీళ్ళ బిందె కూడా ముట్టనివ్వడు. పావని కిటికీలోంచి అటే చూస్తూ ఉండిపోయేది. మాణిక్యాంబ వచ్చి కిటికీ తలుపు వేసేసేది.

“అటు చూడకమ్మా. లేనిపోని దిగులు.”

దీపాల వేళకి అత్తాకోడళ్ళిద్దరూ సత్యనారాయణస్వామి పటం ముందు నిలబడేవారు. మాణిక్యాంబ పెదవులు కదిలేవి. పావని నిలబడలేక గోడకి ఆనుకుని, కళ్ళు గట్టిగా మూసుకునేది. దేవుణ్ణి అంత గట్టిగా ఆమె ఎప్పుడూ పట్టుకోలేదు.

ఆ వీధి మొత్తానికి ఫోను పక్కింటి పల్లంరాజుగారి ఇంట్లోనే ఉంది. అయిదు కాగానే గణేష్‌బాబు చెప్పులేసుకున్నాడు. పావని లేచింది.

“నువ్వెందుకు? పడుకో. నేను కనుక్కొస్తాను కదా.”

“లేదండి. అక్కడుండి వినాలి.”

ఆ నాలుగడుగులూ అతని భుజం పట్టుకుని నడిచింది. పల్లంరాజుగారి భార్య అప్పాయమ్మ కుర్చీ జరిపింది. ఫోను ఎంగేజు. మళ్ళీ తిప్పితే మళ్ళీ ఎంగేజు.

మూడోసారికి లైను కలిసింది.

“ఆయ్, గణేష్‌బాబునండి. అవునండి, మద్రాసు పంపిన రక్తం గురించండి.”

వింటున్నాడు. అతని మొహం ఎర్రబడింది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. పావని కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. తేలిపోయింది అనుకుంది.

గణేష్‌బాబు ఫోను పెట్టేశాడు.

“ఏమీ లేదంట పావనీ. ఒక్కటంటే ఒక్కటి లేదంట. ఆ గ్రంథి కూడా జ్వరం తాలూకేనంట.”

“అన్నీ చూశారంటా?”

“అన్నీ చూశారంట.”

“ఇంకోసారి చూడమంటే చూడరా అండీ?”

“పిచ్చిదానా, ఇంకెందుకు? దిగులు మానేసి పనిలో పడితే అదే సర్దుకుంటుందన్నారు.”

పావని కుర్చీలోంచి కిందికి జారిపోయింది. మోకాళ్ళలో తల పెట్టుకుని, వెక్కివెక్కి ఏడ్చింది.

“ఇన్నాళ్ళూ ఎంత భయం కడుపులో పెట్టుకుందో పాపం,” అని అప్పాయమ్మ లోపలికెళ్ళి పంచదార తెచ్చి నోట్లో పోసింది.

కబురు విని మాణిక్యాంబ తడిచేతులతోనే పరిగెత్తుకొచ్చింది. కోడలి తల గుండెలకి హత్తుకుంది.

“నా మొక్కు విన్నాడమ్మా తండ్రి. ఏ రోగమూ లేదని తేలితే అన్నవరంలో నీచేత మెట్ల పూజ చేయిస్తానని మొక్కుకున్నాను. కొండ కింద మొదలెట్టి, మెట్టుమెట్టుకీ వంగి పసుపు రాసి బొట్టు పెట్టుకుంటూ ఎక్కాలి. ఎల్లుండే బయల్దేరదాం. వచ్చాక వంటిల్లు నువ్వే చూసుకుందువుగాని. నా నడుం పడిపోయిందమ్మా.”

పావని తల ఊపింది.

అత్తగారి పక్కనే నిలబడి, అదే పటం ముందు, అదే స్వామిని ఇన్నాళ్ళూ పావని వేడుకున్నది ఒక్కటే: ఏదో ఒక జబ్బుందని తేల్చు తండ్రీ.