నీళ్ల డబ్బాలో సున్నం

"నీళ్లు పోసే డబ్బాలో సున్నం కలుపుతారా ఎవరైనా?" మబ్రూకా డబ్బాని భర్త ముందు ఠంగుమని పెట్టింది.

"బాల్టీకి చిల్లి పడింది," అన్నాడు హెదీ, చిరిగిన వలకి ముడి వేస్తూ. "పండగలోపు వెల్ల వెయ్యమని నెల్లాళ్లుగా పోరుతున్నది నువ్వేగా."

"అందుకని నా డబ్బాయే దొరికిందా? పొద్దున వంటగిన్నెతో నీళ్లు మోసుకెళ్లాను. సగం నా బట్టల మీదే."

"చల్లగా ఉంటుందిలే."

కూతురు ఇబ్తిసామ్ పొయ్యి మీంచి గోధుమరవ్వ కుస్‌కుస్ దించుతూ నవ్వుకుంది. అప్పుడే ఫోన్ మోగింది. మబ్రూకా తడి చేత్తో స్పీకర్ నొక్కింది.

"నిదాల్ తల్లివేనా?" ఎవడో మగాడు. "నీ కొడుకు లిబియాలో, ట్రిపోలీలో మా చేతిలో ఉన్నాడు. రాత్రిలోగా ఇరవై వేల దినార్లు పంపు. లేదంటే వేళ్లు ఒక్కొక్కటే విరుస్తాం. అప్పటికీ పంపకపోతే మెడ."

వెంటనే దెబ్బ. తడిగుడ్డని బండకేసి బాదినట్టు. ఇంకొకటి. ఒక కుర్రగొంతు చీలిపోయింది.

"అమ్మా, చంపేస్తున్నారమ్మా. పంపెయ్యమ్మా."

ఇబ్తిసామ్ చేతిలోంచి గరిటె జారింది. మూడేళ్ల కిందట పడవెక్కిన అన్న జాడ తెలియనప్పుడు ఫేస్‌బుక్‌లో వాడి ఫొటో పెట్టింది ఆమే. కింద ఇదే నంబరు. దాన్ని తీసెయ్యడానికి ఇప్పటికీ మనసు రాలేదు.

"ఫోన్ పెట్టెయ్యవే," అన్నాడు హెదీ. "ఆ ఫొటో పట్టుకుని ఆడుతున్నారు దొంగలు. అరుపులు రికార్డు చేసి వినిపిస్తారు."

మబ్రూకా పెట్టలేదు. కూతురి ఫోన్ చూపించి సైగ చేసింది. ఇబ్తిసామ్ రికార్డు నొక్కింది.

"నాన్నా, నాతోపాటు ఫాతిహా ప్రార్థన చదువు," అంది మబ్రూకా.

"ఏం ముసల్దానా, ఇది మసీదనుకున్నావా?"

"డబ్బు కావాలంటే వాణ్ణి చదవనివ్వు."

ఆమె మొదలుపెట్టింది. ఆ గొంతు రక్తం మింగుతూ వెంట వచ్చింది. రెండో వాక్యం మధ్యలో ఆమె చటుక్కున ఆగింది. అదీ ఆగింది. మళ్లీ అందుకుంటే మళ్లీ కలిసింది.

హెదీ చేతిలోని వల ఒళ్లోకి జారింది. అది రికార్డు కాదు.

"ఇంట్లో నిన్నేమని పిలుస్తారు నాన్నా?"



"మిడత," అంది గొంతు, చిన్నపిల్లాడిలా. "మిడతా అని."

అంతే. ఎండుపుల్ల విరిచినట్టు ఏదో ఫట్‌మంది. తర్వాత వచ్చింది మనిషి అరుపులా లేదు. ఇబ్తిసామ్ చెవులు మూసుకుంది. మబ్రూకా మూసుకోలేదు. చివరిదాకా వింది.

"ఒకటి అయింది," అన్నాడు వాడు. "రాత్రిలోగా." లైను తెగింది.

ముగ్గురూ ఒకే పళ్లెం చుట్టూ కూర్చున్నారు. ఎవరి చెంచా లేవలేదు. కుస్‌కుస్ మీద చేపముక్కలు చల్లారిపోయాయి.

"పైసా పంపను," అంది మబ్రూకా. "వాళ్లు ఒక్కసారితో ఆగరు. రేపు ఇంకో వేలు విరుస్తారు, ఇంకో ఇరవై వేలు అడుగుతారు."

"మరి వాణ్ణి చంపేస్తేనో?" అంది ఇబ్తిసామ్.

"అందుకే ఇప్పుడే ఆ గొంతుని ఫేస్‌బుక్‌లో పెట్టు. పోలీసులకీ పంపు. పిల్లలు పడవలెక్కి కనబడకుండా పోయిన ఇళ్లు ఎన్ని తెలిస్తే అన్నిటికీ పంపు."

హెదీ తలెత్తి భార్యని చూశాడు. ఆమె ఒక చేపముక్క తీసి కూతురి ముందు పెట్టింది.

"కొడుకుని మిడతా అని పిలిచే తల్లి ఎవరో రాత్రిలోగా దొరకాలి, మన నిదాల్ సమాధికి వెల్ల రేపైనా వేసుకోవచ్చు."