ఏ దారిన వచ్చినారో

“సూదికి భయం లేదప్పా. ఆ నెత్తర ఏం జెప్తాదో ముందు అది జెప్పు” అంటూ ఎర్రయ్య చేయి వెనక్కి లాక్కున్నాడు.

పరిశోధన కోసం రక్తం సేకరిస్తున్న మహేంద్రకు ఓపిక అడుగంటింది. రెండువేల మూడు ఎండాకాలం. ఆళ్లగడ్డ దాటి ఈ చెంచుగూడెం చేరేసరికే పొద్దు నడినెత్తికొచ్చింది. ఈ ముసలాయన తప్ప గూడెమంతా రక్తమిచ్చింది.

“మీ నాయన, ఆయన నాయన, అట్ల వేల ఏండ్ల ముందు మీవోళ్లు ఏ దారిన వచ్చినారో చెప్తాది తాతా. మైదానం రైతుల నెత్తరతో పోల్చి చూస్తాం. అందుకని మొదట నాదే ఇచ్చినా.”

“నీదే ఊరు?”

“సంజామల కాడ. ఆదినారాయణ కొడుకుని.”

ఎర్రయ్య చుట్ట ఆరిపోయింది. మళ్లీ ముట్టించలేదు. “మీ నాయన బాగుండాడా?”

“యాడ బాగు? నేను పుట్టకముందే మా తాత శవం కుందూ ఏట్లో తేలింది. మొగం గూడ మిగల్లేదు. పొలం గెట్టు తగాదా ఓబయ్యతోనే గదా, ఇంకెవురు జేస్తారు? తాతకు అన్నదమ్ముల్లేరు, నాయనొక్కడే కొడుకు. పగ ఆయన నెత్తినే పడింది. ఓబయ్యను నరికి జైలుకు పోయొచ్చినాడు. ఇప్పుడు పొద్దుగుంకితే చాలు, సచ్చిన ఓబయ్య వాకిట్లో నిలబడి పీడిస్తాండాడంటాడు. ముద్ద నోటికి పోదు.”

“ఓబయ్యనా?” ఎర్రయ్య వేళ్ల నుంచి చుట్ట జారింది. “ఓబయ్యను నరికినాడా?”

మహేంద్ర ఆయన్నే చూశాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది వాలకం. తాతను చంపింది ఈయనేనా? అడగకుండా సూది సంచిలో పెట్టబోయాడు.

ఎర్రయ్య చేయి చాపాడు. “తీస్కో నాయనా. నా నోరు చెప్పలేంది అదే చెప్పనీ.”

ఆ మాట మహేంద్రను వదల్లేదు. కంచం ముందు కూర్చున్నా అదే వినిపించేది. రెండు నెలలకు నంద్యాల బస్టాండు దగ్గర బూత్ నుంచి, హైదరాబాద్ ల్యాబులో తనతో పనిచేసే శ్రీవాణికి ఫోన్ చేశాడు.

“ఎర్రయ్య రక్తం గూడెంలో ఎవరితోనూ కలవలేదు” అందామె. “తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వరస మాత్రం ఒక్క మనిషితో అచ్చంగా కలిసింది.”

“ఎవరితో?”

“నీతోనే. మీ తాతకు అన్నదమ్ములున్నారా?”

“లేరు.”

మహేంద్ర ఫోన్ పెట్టేశాడు. ఇంటికి పోయి నాయన మొహం ఎలా చూడాలో తెలియక భయమేసింది.

కుందూలో తేలింది తాత కాదు. ఓబయ్య ఎవరినీ చంపలేదు.