మాటకు మాట

"చిలకలకి కుర్చీలెందుకు? నిలబడి పలుకుతాయిగా!" అని మేనేజరు ఖాళీ కుర్చీని కాలితో గోడవైపు నెట్టాడు.

దుబాసీ నిలబడే ఉండిపోయింది. బూట్ల కంపెనీ యజమాని విననట్టు ఫ్యాను వైపు చూశాడు. సరుకు కొనడానికి చైనా నుంచి వచ్చిన పెద్దాయన ఇదేమీ పట్టించుకోకుండా శాంపిల్ బూటును రెండు చేతులా వంచి, అడుగు ఊడుతుందేమోనని లాగుతున్నాడు. ఆయనకు సొంత భాష తప్ప మరోటి రాదు. ఆయన మాట ఈ గదిలో అర్థమయ్యేది ఆమెకొక్కదానికే.

పెద్దాయన ఏదో గొణిగాడు.

"బూట్లన్నీ మళ్ళీ మొదట్నుంచి చూస్తారట సార్" అంది ఆమె.

"మళ్ళీనా! పొద్దున్నుంచీ పీకుతూనే ఉన్నాడుగా!" మేనేజరు పళ్ళు కొరుక్కుంటూనే పెద్దాయన వైపు తిరిగి ఇంత నవ్వు నవ్వాడు. "ఓల్డ్ హ్యాబిట్స్ డై హార్డ్ అని చెప్పవే చిలకా. తియ్యగా చెప్పు. నీ సొంత పైత్యం కలిపావో, రేపట్నుంచి రానక్కర్లేదు."

పాత అలవాట్లు ఓ పట్టాన చావవు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని మనం అనమూ? చైనా భాషలోనూ అలాంటి మాటలున్నాయి. కొండల్నీ నదుల్నీ మార్చొచ్చుగానీ మనిషి స్వభావాన్ని మార్చలేమన్నది మర్యాదైన మాట. వీధిలో జుట్లు పట్టుకున్నప్పుడు అనేది ఇంకోటుంది.

మర్యాదైన మాట నాలుక చివరిదాకా వచ్చింది. మేనేజరు ఆమె మొహం ముందు చిటిక వేశాడు. "ఊఁ, పలకవే!"

పోతే పోనీ ఉద్యోగం. వీణ్ణి మాత్రం ముంచే పోతాననుకుంది. తియ్యగా నవ్వింది. మేనేజరు వైపు చెయ్యి చూపించి, ఈయన ఇలా అంటున్నారంటూ ఒక్కో ముక్కా విడమరిచి చెప్పింది:

"కుక్క అశుద్ధం తినడం మానదు."

పెద్దాయన చేతిలోని బూటు బల్లమీద దభీమని పడింది. మొహం కందగడ్డయింది. లేచి నిలబడి, మేనేజరు గుండెకు సూటిగా వేలు పెట్టి, అద్దాలు అదిరేలా అరవడం మొదలుపెట్టాడు. మేనేజరు కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. యజమాని జేబురుమాలు కోసం తడుముకున్నాడు.

ఆమె మాత్రం ఒక్కో మాటా వింటోంది. ఎందుకంటే పెద్దాయన అంటున్నది ఇదీ:

"నిజమే, నేను కుక్కనే! దేన్నీ నమ్మను, ప్రతిదానిలో మూతి పెడతాను! నా చుట్టూ అందరూ చక్కెర పూసేవాళ్ళే. నా మొహమ్మీద నా రోగం చెప్పిన మొనగాడు ఇన్నాళ్ళకి వీడొక్కడు! ఇలాంటివాడు సరుకు గురించి అబద్ధమాడడు. ఆర్డరు రెండింతలు చేస్తున్నాను. కానీ ఇకమీదట నాతో మాట్లాడేది ఈయనే కావాలి. ఈయన్ని నెత్తిన పెట్టుకొమ్మని మీ యజమానికి చెప్పు!"

ఆయన ఆయాసపడుతూ కూలబడ్డాడు.

తను తవ్విన గోతిలో లంకెబిందెలు దొరికాయి. అవీ వాడికి! ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది.

"ఏమంటున్నారమ్మా?" యజమాని ముందుకు వంగాడు. మొదటిసారి 'అమ్మా' అన్నాడు. "మన కొంప మునిగినట్టేనా?"

మేనేజరు నుదుట చెమట ధారలు కట్టింది. "చెప్పండి మేడం" అన్నాడు నీరసంగా.

ఆమె గోడ దగ్గరున్న కుర్చీ తెచ్చుకుని, నెమ్మదిగా కూర్చుంది.

"ఆర్డరు రెండింతలు చేస్తారట సార్. ఒక్కటే షరతు... ఈ మేనేజరు మళ్ళీ ఆయన కంటబడకూడదట."