పదకొండు మోటార్లు

"ఒక్క అరగంట మాస్టారూ! ఇవాళ ఒక్కరోజు మోటారు ఆపండి. మీ కాళ్లు పట్టుకుంటాను."

చివరింటి దర్జీ అన్నంత పనీ చేయబోయాడు. మొదటింటి లెక్కల మాస్టారు గేటవతల రెండడుగులు వెనక్కి వేశారు.

"నేనొక్కణ్ణి ఆపితే నీకొస్తాయా? నేను వదిలిన నీళ్లు పక్కింటి మోటారు లాగేస్తుంది. ఆపితే అందరూ ఆపాలి. ముందు వాళ్లనడుగు."

"అడిగానండీ. అందరూ ఇదే మాటన్నారు."

"మరి నన్నేం చెయ్యమంటావు?" అని మాస్టారు లోపలికి వెళ్లి తలుపేసుకున్నారు.

ఆ వీధికి రోజు విడిచి రోజు, పొద్దున ఎనిమిదింటికి, అరగంటసేపు కుళాయి నీళ్లొస్తాయి. వస్తాయని చెప్పుకోవడమే. పదకొండిళ్లవాళ్లూ దొంగచాటుగా కుళాయిలకే మోటార్లు బిగించుకుని పైపులోది పైపులోనే లాగేస్తుంటే, పన్నెండో ఇంటికి గాలి తప్ప ఏం మిగులుతుంది? పాపం, దర్జీ కూడా ఒకసారి అద్దె మోటారు తెచ్చి పెట్టాడు. అది ఆ గాలినే లాగి లాగి కాలిపోయింది.

ఇంట్లో ఉన్నది అరబకెట్టు నీళ్లు. పది గంటలకు భార్యను ఆసుపత్రి నుంచి పంపించేస్తున్నారు. పెద్దాపరేషను, కుట్లింకా పచ్చిగానే ఉన్నాయి. తొమ్మిది రోజుల పసిగుడ్డుకు బొడ్డు దగ్గర చీము పట్టి నిన్ననే తగ్గింది. "శుభ్రంగా ఉంచకపోతే ఈసారి మా చేతుల్లో ఉండదు" అని నర్సు మొహమాటం లేకుండా చెప్పేసింది. ట్యాంకరువాడేమో ఎల్లుండి దాకా కుదరదన్నాడు.

"ఏమన్నార్రా?" గుమ్మంలోనే అడిగింది తల్లి.

"ఏమంటారు? మీ చావు మీరు చావండన్నారు."

"అంతమాటన్నారా!"

"నోటితో అంటేనేనా అమ్మా?"

అతనికి ఒళ్లు మండిపోయింది. ఏడుపు కూడా వచ్చింది. ఫోను తీసి నీళ్ల ఆఫీసుకు కొట్టాడు.

"చివరింటి దర్జీని మాట్లాడుతున్నానండీ. మా వీధిలో కుళాయిలకు మోటార్లు పెట్టారండీ. పదకొండిళ్లు. ఒక్కటి కూడా వదలకండి."

"మోటార్లు పట్టుకుపోవడమే కాదండీ, కనెక్షన్లు కోసేస్తారు. ఆర్నెల్ల దాకా మళ్లీ ఇవ్వరు. ఆలోచించుకునే చెప్తున్నారా?" అంది అవతలి గొంతు.

"కోసెయ్యండి! నా బిడ్డ గురించి వాళ్లు ఆలోచించారా?"

ఎనిమిదయింది. కుళాయి గురగురమంది. రెండుసార్లు దగ్గింది. ఆ తర్వాత లావుపాటి ధారతో నీళ్లు దూకాయి.

"నీళ్లురా! ఒరేయ్, నీళ్లు!" తల్లి బిందె పెట్టబోయి సగం చీర తడుపుకుంది.

జీపు వచ్చేసిందన్నమాట! బాగా తిక్క కుదిరింది అనుకుంటూ, ఆ వైభవం కళ్లారా చూద్దామని దర్జీ వీధిలోకి పరిగెత్తాడు.

జీపు లేదు. మోటారు చప్పుడూ లేదు. పదకొండిళ్లవాళ్లూ ఖాళీ బకెట్లతో మెట్ల మీద నిలబడి ఉన్నారు. మాస్టారు చెమటతో తడిసిన బనీనుతో ఎవరి అరుగు మీదో కూలబడి ఆయాసపడుతున్నారు.

"వస్తున్నాయా?" అని అడిగారు.

"వస్తున్నాయండీ... ఎలా?"

"నువ్వెళ్లాక నాకు కాలు నిలవలేదయ్యా. ఇంటింటికీ తిరిగి, పోట్లాడి మరీ ఆపించాను. మేం ఎల్లుండి పట్టుకుంటాంలే. నువ్వు కావలసినన్ని నింపుకుని, వెళ్లి బిడ్డను తెచ్చుకో."

దర్జీకి తన ఫిర్యాదు గుర్తొచ్చింది. గబగబా ఫోను తీసి ఆఫీసుకు కొట్టాడు. బిజీ. మళ్లీ కొట్టాడు. మళ్లీ బిజీ.

"మాస్టారూ, ఆ మోటార్లు... త్వరగా విప్పి లోపల దాచెయ్యండి..."

"ఎందుకు? ఆపేశాంగా. నీకింకా నమ్మకం కుదరలేదా?" అని నవ్వారు మాస్టారు.

ఆయన నవ్వు పూర్తి కాకముందే జీపు వీధిలోకి తిరిగింది. రెంచీలతో నలుగురు దూకారు. ఇన్‌స్పెక్టరు చేతిలో కాగితం చూస్తూ, వీధి వీధంతా వినిపించేలా కేకేశాడు.

"ఫిర్యాదు చేసిన చివరింటి దర్జీ ఎవరయ్యా? ముందుకొచ్చి, ఎవరింటి నుంచి కోసుకురమ్మంటావో చూపించు!"