పీతాంబరం పొట్టకింద వేలెడు తీగ

“తాతగారూ, ఇక్కడ మర్చిపోయారు,” అంది పెద్ద ఇంజినీరు.

ఆవిడ చూపించింది రోబో పొట్టకింద వేలెడంత తీగ. ఒళ్ళంతా పసుపురంగు, అదొక్కటే బోసిగా ఉంది.

ఆ రోబో సముద్రం అట్టడుగుకు ఒంటరిగా దిగి, తన దారి తనే వెతుక్కుని, బురదను ఫొటోలు తీసుకుని రావాలి. పీత నడక, పసుపు ఒళ్ళు. అందుకే వర్క్‌షాపులో దాని ముద్దుపేరు పీతాంబరం.

మూడేళ్ళుగా ఆవిడకు అదే లోకం. ఇది తేలకపోతే వర్క్‌షాపు మునుగుతుందని పైవాళ్ళు ముందే తేల్చేశారు.

“మర్చిపోలేదమ్మా. దాన్ని ఉప్పునీళ్ళకే వదిలెయ్యాలి,” అన్నాడు రంగుల తాత. వారం కిందట కుదిరిన పెయింటరు.

పీతాంబరాన్ని కిందికి దించేది ఓ ఇనపదిమ్మ. పని కాగానే బ్యాటరీతో నడిచే కొక్కెం దాన్ని వదిలేస్తుంది, రోబో పైకి తేలుతుంది. ఆ కొక్కెం వేలాడేది ఈ తీగకే. నేరుగా పొట్టకే బిగించకుండా మధ్యలో తీగ ఎందుకని ఎవరూ అడగలేదు. పాత డ్రాయింగులో ఉంది, పెట్టారు.

“తుప్పు పడితే ఎవరు జవాబు చెప్తారు? మీరు రంగులో దిగండి, రంగంలోకి మేం దిగుతాం.”

తాత తలూపాడు. సాయంత్రానికి తీగ కూడా పసుపుపచ్చగా ఉంది.

ఓడ బయల్దేరింది. పీతాంబరం మూడు కిలోమీటర్ల లోతుకు దిగింది. రెండోరోజు బ్యాటరీ చచ్చింది. కొక్కెం తెరుచుకోలేదు.

ఇంకో రెండ్రోజులే ఆగగలనన్నాడు కెప్టెన్. ఆవిడకు తిండి సయించలేదు. చేపలే మీకన్నా నయం, ఏదో ఒకటి తింటాయి అని సణుగుతూ వంటవాడు టీ చేతిలో పెట్టి పోయేవాడు.

నాలుగోరోజు పొద్దున్నే నీళ్ళమీద పసుపుముద్ద ఒకటి తేలింది.

లాగి చూస్తే దిమ్మా లేదు, కొక్కెమూ లేదు. తీగను ఉప్పునీళ్ళు కొరుక్కుతిన్నాయి. ఆ పూట ఆవిడ రెండు ప్లేట్లు లాగించింది. వంటవాడు లెక్క తప్పాననుకున్నాడు.

తిరిగొచ్చాక, తాత వదిలేసిన డబ్బాల మధ్య చిన్న ట్యూబు దొరికింది. పిల్లలు బొమ్మలకు పూసే పసుపు నీటిరంగు. తడి తగిలితే చాలు, కరిగిపోతుంది.

ఆవిడ స్టోర్‌కీపర్ దగ్గరికి పరిగెత్తింది. పని అయిపోగానే తాత వెళ్ళిపోయాడనీ, అడ్రసు కూడా ఇవ్వలేదనీ చెప్పాడతను.

“పెయింటరుకి ఆ తీగ సంగతి ఎలా తెలుసండీ?”

“పాతికేళ్ళ కిందట మనం పంపిన మొదటి రోబో ఇంకా అడుగునే ఉంది మేడం; దాని తీగకి దగ్గరుండి రంగు వేయించిన పెద్ద ఇంజినీరు ఆయనే.”