ఎంతసేపు ఆగాలో చెప్పలేదు

మా మేనకోడలు ప్రోగ్రాములు రాస్తుంది. సర్వర్లకు కబురు మోసి జవాబు తేవడానికి ఎవరైనా ఉచితంగా వాడుకునే రెడీమేడ్ కోడు ఒకటుందట, దాన్ని లైబ్రరీ అంటారట. ఎంతసేపు ఆగాలో చెప్పకపోతే అది జన్మంతా ఎదురుచూస్తుందట.

ఆ రాత్రి ఆఫీసు మేడమీద ఒక్కతే ఉంది. కింది గదిలో తనే వైరు పీకేసిన పాత సర్వరు నిజంగా చచ్చిందో లేదో చూద్దామని కబురు పంపింది. గడువు పెట్టడం మరిచింది. తెర కదల్లేదు. భయమేసి నాకు ఫోన్ చేసింది.

"జవాబూ లేదు, ఎర్రరూ లేదు మామయ్యా."

"చచ్చినదానికి తొందరేముంటుందే!" నవ్వాను. "తాళం వేసి ఇంటికి పో."

"ఆగు, వచ్చింది..."

"ఏమంటోంది?"

"'తాళం వెయ్యకు, మెట్లెక్కుతున్నాను' అంటోంది."

నా నవ్వు ఎండిపోయింది. "బయటికి పరుగెత్తవే!"

"ఎటు మామయ్యా? ఉన్నవి ఆ మెట్లేగా."